రక్షణ స్థిరత్వవాదము - మార్జాల మర్కట న్యాయములు

క్రైస్తవమతమున విశ్వాసమును పొందినవాడు ఆ పిమ్మట పతితుడైనచో అతనికి కలిగిన రక్షణ నశించునా, నిలుచునా అను ప్రశ్న ఆ మతమెంత ప్రాచీనమో దాదాపు అంత ప్రాచీనమైనది. తెలుగు సాహిత్యమును అభ్యసించు మనకు ఈ మీమాంసతో పనియేమి యని కొందరు శంకింపవచ్చును. పని రెండు విధముల కలదు. పందొమ్మిదవ శతాబ్ది నుండి తెలుగున వెలసిన క్రైస్తవ వాఙ్మయము, కీర్తనలేమి, అనువాదములేమి, ప్రసంగములేమి, ఈ వాదపు పరిభాషతో నిండియున్నది. ఆ పరిభాష వెనుకనున్న వివాదము తెలియనిచో ఆ రచనల తాత్పర్యము సగమే తెలియును. ఇది మొదటిది. ఈ వాదమును శ్రీవైష్ణవుల మార్జాలకిశోర, మర్కటకిశోర న్యాయములతో పోల్చుట పరిశోధకులలో వాడుకయైనది. ఇది రెండవది. జర్మను పండితుడు రుడాల్ఫ్ ఆటో భారతీయ కృపామతమును క్రైస్తవముతో తులనచేయుచు 1930లో ప్రకటించిన గ్రంథము ఈ పోలికకు ప్రచారము కల్పించిన రచనలలో నొకటి.

పోలిక ఆకర్షణీయముగనే యున్నది. కోతిపిల్ల తల్లి పొట్టను తానై కరచిపట్టుకొనవలెను. పట్టు సడలిన పడిపోవును. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. పిల్ల చేయవలసినది ఏమియు లేదు. కావున రక్షణ పోవుననువారు మర్కటపక్షమువారు, పోదనువారు మార్జాలపక్షమువారు అని విభజించినచో చక్కగా అతికినట్లే తోచును. ఈ అతుకు నిలువదనియు, అది యేల నిలువదో తెలిసికొనిననే రెండు సంప్రదాయముల స్వరూపము స్పష్టపడుననియు నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ఏ పక్షము సత్యమో తేల్చుట దైవశాస్త్రజ్ఞుల పని. ఏ పక్షమువారు ఏమి చెప్పిరో ఉన్నదున్నట్లు గ్రహించుట మన పని.

పదవిచారము

ముందుగా ‘రక్షణ’ అను పదమును విచారింతము. గ్రీకుభాషలోని ‘సోతేరియా’ అను పదమునకు తెలుగు క్రైస్తవులు మోక్షము, ముక్తి యనువానికంటె ‘రక్షణ’ యను పదమునే ప్రధానముగా గ్రహించిరి. ఈ ఎన్నిక గమనింపదగినది. మోక్షమనగా విడుదల. వేదాంతమున అది గమ్యస్థానము. అచటికి చేరినవానికి మరలివచ్చుట లేదు. బ్రహ్మసూత్రములలోని కడపటి సూత్రము ఈ అనావృత్తినే ప్రతిపాదించుచున్నది. కావున లభించిన మోక్షము పోవునా యను ప్రశ్నకు వేదాంతమున చోటులేదు. రక్షణ యనగా కాచుట. అది కాచువాని క్రియ. ఆ క్రియ నిన్న జరిగియుండవచ్చును, నేడు జరుగుచుండవచ్చును, రేపు జరుగవలసియుండవచ్చును.

గ్రీకు మూలమున ఈ మూడు కాలములును కన్పట్టుచున్నవి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో (2:8) ఈ క్రియ ముగిసి, దాని ఫలము నిలిచియున్న స్థితిని తెలుపు రూపముననున్నది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో (1:18) జరుగుచున్నదానిని తెలుపు రూపముననున్నది. రోమీయులకు వ్రాసిన పత్రికలో (5:9-10) భవిష్యద్రూపముననున్నది. తెలుగున చెప్పవలెనన్న రక్షింపబడియున్నారు, రక్షింపబడుచున్నారు, రక్షింపబడుదురు అను మూడు రూపములన్నమాట. వివాదమంతయు ఈ మూడింటి నడుమ సంబంధమును గూర్చినదే. మొదటిది నిజమైనచో మూడవది తప్పక సిద్ధించునా? లేక రెండవదానియందు మనుష్యుడు తప్పిపోయి మూడవదానిని కోల్పోవుటకు వీలున్నదా? రక్షణను ఒక వస్తువువలె తలచి అది చేజారునా యని యడుగుటకంటె ఇట్లడుగుట మూలభాషకు సన్నిహితము.

‘విశ్వాసము’ అను పదమును గూడ ఒకింత చూడవలెను. గ్రీకున ‘పిస్తిస్’ అను మాటకు నమ్మిక యనియు, నమ్మకముగా నిలిచియుండుట యనియు రెండర్థములు కలవు. తెలుగు పదమును ఈ రెండింటిని మోయగలదు. దేవునియందు విశ్వాసము అన్నపుడు నమ్మిక. సేవకుని స్వామివిశ్వాసము అన్నపుడు నిలకడ. విశ్వాసఘాతుకుడు అను నిందలో ఉన్నది ఈ రెండవ యర్థమే. విశ్వాసము ఒక క్షణమున కలుగు నమ్మికయా, జీవితాంతము నిలుపుకొనవలసిన నిష్ఠయా అను ప్రశ్న తెలుగు పాఠకునకు ఆ పదమునందే యిమిడియున్నది. శ్రీవైష్ణవులు ప్రపత్తికి చెప్పిన అంగములలో ‘మహావిశ్వాసము’ ఒకటి యగుట ఇచట స్మరింపదగినది.

మూలగ్రంథమునందలి రెండు ధోరణులు

రెండు పక్షములవారును బైబిలునుండియే ప్రమాణములు చూపుదురు. పోదను పక్షమునకు ప్రధానాధారము యోహాను సువార్త పదియవ అధ్యాయము (10:28-29). క్రీస్తు తన గొఱ్ఱెలను ఎవరును తన చేతినుండి అపహరింపజాలరని అందు పలుకును. దేవుని ప్రేమనుండి విశ్వాసులను ఏ సృష్టియు ఎడబాపజాలదని రోమీయుల పత్రికయు (8:38-39), సత్కార్యమును ఆరంభించినవాడే దానిని కొనసాగించి ముగించునని ఫిలిప్పీయుల పత్రికయు (1:6) చెప్పుచున్నవి.

పోవునను పక్షమువారు అదే రోమీయుల పత్రికలోని ఒలీవచెట్టు ఉపమానమును (11:20-22) చూపుదురు. అంటుగట్టబడిన కొమ్మ విశ్వాసమున నిలువనిచో అదియు నరికివేయబడునని అచట హెచ్చరిక కలదు. ఇతరులకు ప్రకటించి తానే అనర్హుడను కాకుండునట్లు శరీరమును అదుపున నుంచుకొందునని పౌలు కొరింథీయులకు (మొదటి పత్రిక 9:27) వ్రాసెను. ద్రాక్షావల్లియందు నిలువని తీగె ఎండి అగ్నిపాలగునని యోహాను సువార్తయే (15:6) చెప్పుచున్నది.

ఈ వాక్యములన్నింటిలో వివాదకేంద్రము హెబ్రీయులకు వ్రాసిన పత్రికలోని ఆరవ అధ్యాయము (6:4-6). ఒకసారి వెలుగును పొంది, పరలోకవరమును రుచిచూచి, పరిశుద్ధాత్మలో పాలుపొంది, పిదప తొలగిపోయినవారిని మరల మారుమనస్సునకు త్రిప్పుట అసాధ్యమని దాని తాత్పర్యము. దీనికి వ్యాఖ్యలు అనేకములు. వీరు నిజమైన విశ్వాసులే, నిజముగనే పతితులైరి అని కొందరు. వీరు సంఘమున నుండి కృపయొక్క బాహ్యఫలములను మాత్రము చవిచూచినవారు, లోన మారినవారు కారు అని మరికొందరు. పదునేడవ శతాబ్దిలో ఆంగ్లదేశపు జాన్ ఓవెన్ ఈ పక్షమును విస్తరించెను. ఇది జరుగునని చెప్పుట కాదు, జరిగినచో గతియేమో చూపి భయపెట్టుట అని ఇంకను కొందరు.

వ్యాకరణదృష్టితో రెండు విషయములు చెప్పవచ్చును. ‘తొలగిపోయినచో’ అను షరతు ఆంగ్లమున 1611 నాటి అనువాదమున కనబడుచున్నది గాని గ్రీకున లేదు. మూలమున ముందరి విశేషణముల వరుసలోనే ‘తొలగిపోయిన’ యనునదియు ఒకటిగా నున్నది. కావున ఊహామాత్రమను వ్యాఖ్యకు ఆ షరతు ఆధారము కాజాలదు. రెండవది, ఈ వాక్యములలో ప్రథమపురుష వాడబడినది. తొమ్మిదవ వచనమున రచయిత మధ్యమపురుషకు మరలి, మీ విషయమున ఇంతకంటె మేలైనవానినే నమ్ముచున్నామని చదువరులను ఊరడించును. ఈ పురుషభేదము ఓవెన్ పక్షమునకు కొంత బలమిచ్చును. ఒక వాక్యముననే ఇరుపక్షములకును ఊతము దొరకుటచేతనే వివాదము శతాబ్దుల తరబడి తెగలేదు.

తొలినాటి వివాదము

ఈ ప్రశ్న గ్రంథములనుండి వీథిలోనికి వచ్చినది క్రీ.శ. 250లో. రోమను చక్రవర్తి డేసియసు ప్రజలందరును దేవతలకు బలియిచ్చి, ఇచ్చినట్లు అధికారులనుండి ధ్రువపత్రము పొందవలెనని శాసించెను. ఇట్టి పత్రములు పపైరసుపై వ్రాసినవి ఈజిప్టున నలువదికి పైగా దొరకినవి. ప్రాణభీతిచే అనేక క్రైస్తవులు బలియిచ్చిరి. కొందరు బలియీయకయే ధనమిచ్చి పత్రములు సంపాదించిరి. హింస తగ్గినపిమ్మట వీరు ఏడ్చుచు సంఘద్వారమునకు తిరిగివచ్చిరి. వీరి గతియేమి?

కార్తేజి బిషప్పు సిప్రియను 251లో పతితులను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. ఆ యేటనే కార్తేజిలో కూడిన సభ పత్రము మాత్రము పొందినవారికిని, బలియిచ్చినవారికిని భేదము చూపి, పశ్చాత్తాపపడినవారికి ద్వారము తెరచెను. రోమునగరమున నొవేషియను దీనికి ఒడంబడక చీలిపోయెను. అట్టివారిని దేవుడు క్షమించినను క్షమించుగాక, సంఘమునకు ఆ యధికారము లేదని అతని వాదము. హెబ్రీయుల పత్రికలోని పై వాక్యము అతని యనుయాయులకు ఆయుధమయ్యెను. ఇచట ఒక సంగతి గుర్తింపవలెను. ఇరువురికిని పతనము సంభవమే. పతితుడు లేచునా, లేపువారెవరు అనునదే వారి వివాదము.

ఈ చర్చను లోతునకు కొనిపోయినవాడు అగస్టీను. 426 మొదలు 429 వరకు, తన జీవితపు కడపటి యేండ్లలో, అతడు వ్రాసిన గ్రంథములలో అంతమువరకు నిలుచు శక్తియే ఒక ప్రత్యేకవరమని ప్రతిపాదించెను. ఆరంభము దేవుని కృప. నిలకడయు దేవుని కృపయే. దేవుడు ఎన్నుకొనినవారికి ఈ నిలకడ తప్పక లభించును. అయినను బాప్తిస్మముచే నూతనజన్మము పొందినవారిలో కొందరికి ఈ రెండవ వరము లభింపక వారు పడిపోవుదురు. ఎవరికి లభించినదో ఈ జీవితమున ఎవరును నిశ్చయముగా చెప్పజాలరు. అనగా కృపావాదులలో అగ్రగణ్యుడైన అగస్టీను మతమున సర్వమును కృపయే, ఐనను విశ్వాసికి నిశ్చింత లేదు. మార్జాలన్యాయముతో పోలిక ఇచటనే తడబడుటకు మొదలిడినది.

రోమను కథోలిక సంఘము 1547 జనవరి 13న ట్రెంటు సభలో ఈ విషయమును నిర్ణయించెను. మరణకరమైన పాపముచే నీతిమత్త్వము నశించును. విశ్వాసము నిలిచియున్నను కృప పోవును. పాపసంకీర్తనముతో కూడిన సంస్కారముచే దానిని మరల పొందవచ్చును. ప్రత్యేక దైవప్రకటన లేనిదే తాను కడవరకు నిలుతునని ఎవరును నిశ్చయింపరాదు.

లూథరు, కాల్విను, డార్ట్ సభ

సంస్కరణోద్యమనాయకులందరును రక్షణ కేవల కృపాలబ్ధమని చాటిరి. కాని మన ప్రశ్నకు వారందరు ఒకే సమాధానము చెప్పలేదు. ఇది మన పరిశోధకులలో పలువురు విస్మరించిన విషయము. లూథరను సంఘముల ప్రమాణపత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గు ఒప్పుకోలు పండ్రెండవ అంశమున, ఒకసారి నీతిమంతులైనవారు పరిశుద్ధాత్మను కోల్పోవుట అసంభవమనువారిని స్పష్టముగా ఖండించినది. దావీదు తెలిసి మహాపాపము చేసినపుడు విశ్వాసమును ఆత్మయు అతనిని విడిచినవని లూథరు రచించిన 1537 నాటి ష్మాల్కాల్డు అంశములు చెప్పుచున్నవి. రక్షణను ఇచ్చువాడు దేవుడే, మనుష్యుని పాలు అందు లేదు. దానిని త్రోసివేయువాడు మాత్రము మనుష్యుడే. లూథరనులు ఈ రెండు మాటలను ఒకచోట నుంచి, తర్కముచే వాని నతికించు యత్నము చేయక విడిచిపెట్టిరి.

కాల్విను అట్లు విడువలేదు. ఎన్నిక దేవుని నిత్యసంకల్పమైనచో ఆ సంకల్పము భగ్నము కాజాలదు. పడిపోవువారిది తాత్కాలికవిశ్వాసమే. ఈ మతమును ప్రశ్నించినవాడు హాలండుదేశమున లైడెను విశ్వవిద్యాలయ ఆచార్యుడైన జాకబ్ ఆర్మీనియసు (1560-1609). లోకమున రక్షణ పోవునను వాదమునకు ‘ఆర్మీనియను వాదము’ అను పేరు స్థిరపడినది. కాని నిజమైన విశ్వాసి పూర్తిగా పడిపోవునని తానెన్నడును బోధింపలేదనియు, అట్లు తోచు వాక్యములు మాత్రము కలవనియు అతడు 1608లో చెప్పెను. అతని శిష్యులు 1610లో సమర్పించిన అయిదు అంశములలో అయిదవది కూడ ఈ విషయమును గ్రంథమునుండి ఇంకను శ్రద్ధగా విచారింపవలెనని మాత్రమే కోరినది. విశ్వాసి పడిపోవచ్చునని వారు నిశ్చయముగా పలికినది 1618 నాటికి. వాదమునకు పేరిచ్చినవాడు ఆ వాదమును స్థాపించినవాడు కాకపోవుట సాహిత్యచరిత్రలో మనము ఎరుగని వింత కాదు.

డార్ట్ నగరమున 1618 నవంబరు 13 మొదలు 1619 మే 9 వరకు జరిగిన సభకు హాలండువారేగాక బ్రిటను, స్విట్జర్లాండు, జర్మను రాజ్యముల ప్రతినిధులును వచ్చిరి. ఆర్మీనియసు అనుయాయులను ప్రతివాదులుగా పిలిచి, జనవరిలో సభనుండి వెడలగొట్టిరి. ఫలితము కేవల సిద్ధాంతనిర్ణయముతో నిలువలేదు. దాదాపు రెండువందలమంది బోధకులు పదవులు కోల్పోయిరి. వారికి అండయైన రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ 1619 మే 13న శిరచ్ఛేదము నొందెను. అతని మరణమునకు రాజకీయకారణములు ప్రధానములైనను ఈ మతవివాదము దానితో పెనవేసికొనియున్నది. న్యాయశాస్త్రవేత్త గ్రోషియసు బందీయై, 1621లో పుస్తకముల పెట్టెలో దాగి తప్పించుకొనెను.

డార్ట్ నిర్ణయములలో అయిదవ భాగము పరిశుద్ధుల నిలకడను గూర్చినది. దీనిని చదువక, విశ్వాసి ఏమి చేసినను రక్షణ పోదని అది చెప్పినట్లు తలచువారు కలరు. అది పొరపాటు. విశ్వాసులు దావీదువలె, పేతురువలె ఘోరపాపములలో పడవచ్చునని ఆ పత్రము ఒప్పుకొనుచున్నది. దానిచే వారు దేవుని నొప్పింతురు, మనస్సాక్షిని గాయపరచుకొందురు, కృపానుభవమును కొంతకాలము కోల్పోవుదురు. తమంతట తాము విడువబడినచో వారు తప్పక నశింతురు కూడ. దేవుని సంకల్పము మారదు గనుక అట్లు జరుగదని దాని సిద్ధాంతము. నిలకడ విశ్వాసి బలిమి వలన కాదు, పట్టుకొన్నవాని పట్టు వలన. మరి హెచ్చరికలు ఎందులకు? దేవుడు ఆ నిలకడను సాధించుటకు వాడు ఉపకరణములలో ఉపదేశము, బెదరింపు, సంస్కారములు చేరియున్నవని సమాధానము. లోయ అంచున తండ్రి బిడ్డను గట్టిగా పట్టుకొనియే ‘పడెదవు సుమా’ యని కేకవేయుట వంటిదని మనము దీనిని బోధపరచుకొనవచ్చును. ఆ కేకయు పట్టులో భాగమే.

పదునెనిమిదవ శతాబ్దిలో ఆంగ్లదేశమున ఈ వివాదము ఇరువురు మిత్రుల నడుమ మరల రేగినది. జాన్ వెస్లీ 1739లో కృప అందరికిని ఉచితమని ప్రసంగించి ప్రచురింపగా, జార్జి వైట్‌ఫీల్డు కాల్విను పక్షమున దానిని ఖండించెను. వెస్లీ 1751లో పరిశుద్ధుల నిలకడను గూర్చి ప్రత్యేకముగా ఒక రచన చేసి, దేవుని దృష్టిలో నీతిమంతుడైనవాడును పడి నశింపవచ్చునని వాదించెను. అయినను కృప ముందుగా వచ్చి తాకనిదే మనుష్యుడు దేవునివైపు కదలజాలడని అతడును ఒప్పుకొనెను. వారి యుద్యమము రెండుగా చీలినది. కాని వైట్‌ఫీల్డు 1770లో మరణించినపుడు, మృతుని కోరిక మేరకు లండనులో స్మారకప్రసంగము చేసినవాడు వెస్లీయే.

న్యాయముల పరీక్ష

ఇక మన పోలికను పరీక్షింతము. పై చరిత్రలో మూడు ప్రశ్నలు కలిసియున్నవి. రక్షణను ఆరంభించుటలో కర్త యెవరు? ఇది మొదటిది. ఆరంభమైనది తెగునా? ఇది రెండవది. తెగదని విశ్వాసి ఈ జీవితముననే యెరుగగలడా? ఇది మూడవది. మార్జాల మర్కట న్యాయములు పుట్టినది మొదటి ప్రశ్నకు. భగవంతుని కృప నిర్హేతుకమని పిళ్లై లోకాచార్యుల ననుసరించు తెంగలైశాఖయు, కృపకు జీవుని శరణాగతి ఒక వ్యాజముగా కావలెనని వేదాంతదేశికుల ననుసరించు వడగలైశాఖయు చెప్పును. కోతిపిల్ల పట్టుకొనుట ఈ వ్యాజమునకు గుర్తు. అది పట్టు వదలునేమో యన్న భయము ఆ న్యాయమున ప్రధానవిషయము కాదు.

దీనికి నిదర్శనము వేదాంతదేశికుల సిద్ధాంతముననే కలదు. ప్రపత్తి ఒక్కమారు చేయదగినది. భారమును భగవంతునియందుంచినవాడు నిర్భరుడు. ఆ పిమ్మట తెలిసి చేసిన అపరాధములకు ప్రాయశ్చిత్తము కావలెను. చేసికొననివానికి ఈ దేహముననే లఘుదండనము కలుగును. అయినను మోక్షసిద్ధికి భంగము లేదు. తెంగలైశాఖయందు స్వామి తన దాసుని దోషములను ప్రేమతో సహించునను భావము ప్రబలము. భాగవతాపచారమును గూర్చి తీవ్రమైన హెచ్చరికలు రెండు శాఖలయందును కలవు. ఒకసారి శరణన్న వానికి అభయమిత్తునన్న శ్రీరాముని ప్రతిజ్ఞ ఇరువురికిని పరమప్రమాణము. అనగా రెండవ ప్రశ్నకు కోతిపక్షమును పిల్లిపక్షమును ఇంచుమించు ఒకే యుత్తరమిచ్చుచున్నవి.

క్రైస్తవులలో ఇట్లు కాదు. మొదటి ప్రశ్నకు లూథరనులు పిల్లిపక్షము. రెండవదానికి పోవును అందురు. డార్ట్‌వారు మొదటిదానికి పిల్లిపక్షమే. రెండవదానికి పోదు అందురు. ఒకే న్యాయము రెండు విరుద్ధసమాధానములకు ఒదిగినది. మూడవ ప్రశ్నయందు మరియొక విచిత్రము. అగస్టీను కృపను అంతగా కొనియాడియు, విశ్వాసికి నిశ్చయజ్ఞానము లేదనెను. వెస్లీ పతనము సంభవమనుచునే, నేటి రక్షణను విశ్వాసి నేడే నిశ్చయముగా ఎరుగవచ్చుననెను. డార్ట్‌సభ నిశ్చయము సాధ్యమే యనెను గాని, ఆ నిశ్చయము ఏదో గుప్తదర్శనమువలన గాక వాగ్దానములను నమ్ముటవలనను, సత్కార్యములయందలి తపనవలనను కలుగుననెను. ఇన్ని భేదములను రెండు జంతువుల నడుమ ఇరికించుట పొసగదు. న్యాయమును విడువవలెనని మా మతము కాదు. అది మొదటి ప్రశ్నకు చక్కని దీపము. రెండవ, మూడవ ప్రశ్నల గదులలోనికి దాని వెలుగు ప్రసరింపదు.

ఈ భేదము పుట్టుటకు మూలము పదవిచారమున మనము చూచినదే. శ్రీవైష్ణవునకు మోక్షము దేహావసానమున కలుగు ఫలము. ప్రపత్తి దానికి ముందే ముగిసిన యుపాయము. క్రైస్తవునకు రక్షణ ఈ జీవితముననే మొదలై, కొనసాగుచు, చివర నిండుకొనునది. నడచుచున్న క్రియకే తెగునేమో యన్న సందేహము కలుగును.

తెలుగునాట

తెలుగుదేశమునకు ఈ సంప్రదాయములన్నియు వేరువేరు ద్వారముల వచ్చినవి. లండను మిషనువారు 1805లో విశాఖపట్టణమున దిగిరి. అమెరికా బాప్తిస్టులు 1840లో నెల్లూరున నెలకొనిరి. చర్చి మిషనరీ సంఘమువారు 1841లో మచిలీపట్టణమున, లూథరను మిషనరీ హయ్యరు 1842లో గుంటూరున పని ఆరంభించిరి. వెస్లీ సంప్రదాయమువారు పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదమున నైజాము రాజ్యమున ప్రవేశించిరి. మెదకు మహాదేవాలయము 1924లో ప్రతిష్ఠింపబడినది. నాటి అమెరికా బాప్తిస్టులలో ప్రచారమున్న 1833 నాటి న్యూ హాంప్‌షైరు ఒప్పుకోలు నిజవిశ్వాసులు కడవరకు నిలుతురని చెప్పుచున్నది. గుంటూరు లూథరనులకు ప్రమాణము ఆగ్స్‌బర్గు ఒప్పుకోలు. అనగా నెల్లూరునను గుంటూరునను రక్షణ, కృప, విశ్వాసము అను పదములు ఒక్కటే. వాని వెనుకనున్న సిద్ధాంతము వేరు.

పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలను ఈ సంఘములన్నియు పాడుచున్నవి. క్రీస్తు చేయి విడువడను భావముగల కీర్తనను బాప్తిస్టు సిద్ధాంతముగా వినవచ్చును. విడువవద్దను వేడుకోలు గల కీర్తనను లూథరను ప్రార్థనగా వినవచ్చును. కవి వాడిన మాట ఏ సిద్ధాంతమునకు చెందినదో ఆ మాటనుబట్టి మాత్రమే నిర్ణయింపబూనుట సాహసము. భక్తకవికి సిద్ధాంతమునందలి సూక్ష్మముకంటె ఆర్తియే ప్రధానము. మన సంకీర్తనకారులలో కూడ ఒకే నోట నీవే దిక్కను పలుకును, నన్ను విడువకుమను మొరయు వినబడుట పాఠకులకు తెలిసినదే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంప్రదాయములు కలిసినవి. డార్ట్ వారసులును వెస్లీ వారసులును ఒకే బల్లయొద్ద కూర్చుండిరి. 1619లో హాలండున బోధకులను పదవులనుండి తొలగించిన ప్రశ్న 1947లో ఇచట ఐక్యతకు అడ్డు కాలేదు. యూరపునందును 1999 అక్టోబరు 31న లూథరనులును కథోలికులును నీతిమత్త్వమును గూర్చి ఉమ్మడి ప్రకటన చేసిరి. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘములు దానిలో చేరినవి. భేదములు పూర్తిగా తొలగలేదు. ఒకరినొకరు శపించుట మాత్రము నిలిచినది.

ఉపసంహారము

ఈ వాదమంతయు పండితుల తర్కక్రీడగా తోచవచ్చును. కాని దాని మధ్యమున ఎల్లప్పుడును ఒక మనుష్యుడు నిలిచియున్నాడు. 251లో కార్తేజి సంఘద్వారమున తలవంచి నిలిచిన పతితుడే అతడు. అతనికి రెండు గండములు కలవు. ఇక లేవజాలనను నిరాశ ఒకటి. ఏమి చేసినను భయములేదను నిర్లక్ష్యము రెండవది. నొవేషియను కాఠిన్యము మొదటి గండమునకు దారితీసినదని సిప్రియను వాదము. డార్ట్ సిద్ధాంతము రెండవదానికి దారితీయునని వెస్లీ వాదము. వెస్లీ బోధ మరల మొదటిదానికే దారితీయునని వైట్‌ఫీల్డు పక్షమువారి వాదము. ప్రతిపక్షమును తన కంటికి కనబడిన గండమువైపు కంచె కట్టినది. హెబ్రీయుల పత్రికలోని బెదరింపును యోహాను సువార్తలోని అభయమును కలిపి చదువువానికి, మూలగ్రంథము రెండువైపులను కంచె కట్టినదని తోచును.

తెలుగు క్రైస్తవ వాఙ్మయమును పరిశోధించు విద్యార్థులకు మా మనవి ఇంతమాత్రమే. ఒక కీర్తనయందో ప్రసంగమునందో రక్షణమాట కనబడినపుడు అది మార్జాలమా మర్కటమా అని తొందరపడక, ముందుగా మూడు ప్రశ్నలను వేరుచేసి అడుగుడు. అటుపిమ్మట ఆ రచన యే సంఘమున, ఏ యేట, ఎవరికొరకు పుట్టినదో విచారింపుడు. తెలుగు క్రైస్తవ కీర్తనలలో ఈ మూడు ప్రశ్నలలో ఏది యెంతగా వినబడుచున్నదో సంఘమువారీగా, కాలక్రమముగా పరిశీలించుట మిగిలియున్న మంచి పని. మన శాఖలనుండి అట్టి పరిశోధన వెలువడవలెనని కోరుచున్నాము.